కంచు తాళాల కుటుంబం: ఉస్మానీ సామ్రాజ్యంలో జిల్జియాన్ వంశ చరిత్ర

చాలా సంవత్సరాల క్రితం ఉస్మానీ సైన్య వ్యవస్థను గురించిన ఒక ఉర్దూ వ్యాసాన్ని నేను తెలుగులోకి అనువదించాను. అందులో సైనిక వాద్యబృందాన్ని గురించి ఒక పేరా ఉంది. నగారాలు ఎన్ని, సన్నాయిలు ఎన్ని, తాళాలు ఎన్ని అని లెక్క చెబుతూ, ఆ తాళాలను 'అర్మనీ కారీగర్లు' తయారుచేసేవారని మూల రచయిత ఒక్క మాటలో పేర్కొన్నాడు. నేను దానిని 'అక్కడి పనివారు' అని అనువదించి ముందుకు సాగిపోయాను. ఆర్మేనియన్లు అంటే మన పాఠకులకు తెలియదనీ, వివరణ ఇవ్వబోతే వ్యాసం పక్కదారి పడుతుందనీ అప్పట్లో నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. వ్యాసం అచ్చయిన తరువాత ఒక పాఠకుడు ఉత్తరం రాస్తూ, "ఆ పనివారెవరు? వారి పేర్లేమిటి? వారి సంతతి ఏమయింది?" అని అడిగాడు. ఆ ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. రాయడానికి నావద్ద జవాబు లేదు మరి.

ఈ వ్యాసం ఆలస్యంగా రాస్తున్న ఆ జవాబు. ఆ ప్రశ్న చిన్నదే అయినా, దాని వెనుక నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఒకే కుటుంబం, ఒకే వృత్తి, ఒకే లోహం. ఆ కుటుంబం ఉస్మానీ సుల్తానుల నీడలో పుట్టి పెరిగింది. చివరకు ఆ నీడ నుంచే తప్పుకొని సముద్రాలు దాటింది. మనం గర్వంతో చెప్పుకోవలసిన విషయమూ, తలవంచుకొని వినవలసిన విషయమూ రెండూ ఈ ఒక్క కథలోనే ఉన్నాయి.

మెహ్తర్ బృందం

ముందుగా ఆ తాళాలకు గిరాకీ ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోవాలి. ఉస్మానీ సైన్యంతో పాటు నడిచే వాద్యబృందాన్ని 'మెహ్తర్' అనేవారు. అది ఫార్సీ మాట. 'పెద్దవాడు' అని దాని అసలు అర్థం. మన ఉర్దూలో అదే మాట పాకీపని చేసేవారికి మర్యాదవాచకంగా స్థిరపడిపోయింది. మాటల ప్రయాణం ఇలాగే ఉంటుంది. సెల్జూక్ సుల్తాను ఒకరు ఉస్మాన్ బేగ్‌కు అధికార చిహ్నాలుగా ఒక ధ్వజాన్నీ, ఒక భేరినీ పంపించాడనీ, మెహ్తర్‌కు అదే ప్రారంభమనీ ఉస్మానీ చరిత్రకారుల సంప్రదాయం చెబుతుంది.

ఈ బృందంలో జుర్నా అనే సన్నాయి, బోరు అనే బాకా, దావుల్ అనే పెద్ద డోలు, నఖ్ఖారా అనే జంట నగారాలు, ఒంటె మీదనో గుర్రం మీదనో మోసుకుపోయే కూస్ అనే మహాభేరి, వీటన్నిటితో పాటు 'జిల్' అనే కంచు తాళాలు ఉండేవి. ఒక్కొక్క వాద్యం ఎన్నేసి ఉంటే అన్ని 'ఖాట్'ల బృందమని లెక్కించేవారు. సుల్తాను బృందం తొమ్మిది ఖాట్‌లది. దూరాన ఉన్న సిపాయికి ధ్వజం కనబడకపోయినా మెహ్తర్ మోత వినబడుతున్నంత కాలం సైన్యం నిలిచే ఉన్నదని ధైర్యం. ఎదుటి పక్షానికి అదే మోత అధైర్యం.

ఇది మనకు పూర్తిగా కొత్త విషయం కాదు. హైదరాబాదులో చార్మీనార్ ఎదుట ఉన్న నాలుగు కమానులలో ఒకదానికి నఖ్ఖార్‌ఖానా అనే పేరుండేది. పాదుషాల ద్వారాల వద్ద వేళకు నౌబత్ మోగించడం ఆనాటి ఇస్లామీ ప్రపంచమంతటా ఉన్న ఆచారమే. సంగీతవాద్యాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్న సంగతి పాఠకులకు తెలుసు. యుద్ధభేరిని, అంటే గాజీల తబలను, హనఫీ ఫుఖహాలు వేరుగా పరిగణించి అనుమతించారన్న సంగతి కూడా తెలిసినదే. ఆ చర్చ ఈ వ్యాసానికి విషయం కాదు. ఇక్కడ మన దృష్టి వాద్యం మీద కాక, దాన్ని తయారుచేసిన చేతుల మీద ఉండాలి.

అవేదిస్ అనే రసవాది

ఆ కుటుంబం తన చరిత్రను 1618 (హిజ్రీ 1027) నుంచి మొదలుపెడుతుంది. ఆ సంవత్సరమే రెండవ ఉస్మాన్ పసివయసులో గద్దెనెక్కాడు. అప్పుడు ఇస్తాంబుల్‌లో అవేదిస్ అనే ఆర్మేనియన్ క్రైస్తవుడు ఉండేవాడు. అతడు రసవాది. హీనలోహాలను బంగారం చేయాలని ఆనాటి రసవాదులందరిలాగే మూసలో రాగీ తగరమూ కరిగిస్తూ కూర్చున్నాడు. బంగారం రాలేదు. అయితే తట్టితే ఖంగున మోగి, చాలాసేపు మోత నిలిచి, గట్టిగా కొట్టినా పగలని ఒక లోహం వచ్చింది. దానితో చేసిన తాళాలను విన్న సుల్తాను అతడికి ఎనభై బంగారు నాణేలు బహూకరించి, 'జిల్జియాన్' అనే పేరు ఇచ్చాడని కుటుంబ కథనం.

ఈ తొలి ఘట్టం వంశపరంపరగా చెప్పుకుంటూ వచ్చినది. ప్రతి పాత ఇంటికీ ఇటువంటి మూలకథ ఒకటి ఉంటుంది. దాన్ని చరిత్రకారుడు తోసిపుచ్చనక్కరలేదు, కళ్లుమూసుకొని నమ్మనూ అక్కరలేదు. ఆ పేరునే పరిశీలిస్తే అది తనంతట తానే కొంత సాక్ష్యం చెబుతుంది.

'జిల్' అంటే తుర్కీలో కంచు తాళం. 'జీ' అనేది వృత్తిని సూచించే తుర్కీ ప్రత్యయం. ఇదే ప్రత్యయం మన ఉర్దూలోకి 'చీ'గా వచ్చింది. ఖజాంచీ, బావర్చీ, తబల్చీ, మషాల్చీ అనే మాటలలో ఉన్నది ఇదే. ఖజాంచీ అనే మాట తెలుగువారి ఇళ్లలో సైతం వాడుకలో ఉంది. చివరనున్న 'యాన్' మాత్రం ఆర్మేనియన్. ఫలానావారి సంతతి అని దాని అర్థం. కాబట్టి జిల్జియాన్ అంటే 'తాళాలు చేసేవాని వంశం'. ముందు భాగం పాలకుల భాష, చివరి భాగం పాలితుల భాష. మధ్యలో రెంటినీ కలిపే వృత్తి. ఉస్మానీ ఇస్తాంబుల్ జీవితమంతా ఆ ఒక్క పేరులో ఇమిడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

1623లో అవేదిస్ సమత్యా అనే పేటలో సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. మర్మరా సముద్రం ఒడ్డున ఉన్న ఈ పేటను పూర్వం ప్సమాతియా అనేవారు. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను జయించిన తరువాత సుల్తాన్ ఫాతిహ్ ముహమ్మద్, పాడుబడిన నగరాన్ని తిరిగి నింపడానికి వివిధ ప్రాంతాల నుంచి ముస్లిములనూ గ్రీకులనూ ఆర్మేనియన్లనూ రప్పించి పేటలు కట్టించాడు. ఆర్మేనియన్ మతపీఠం 1641 వరకు ఈ సమత్యాలోనే ఉండేది. అంటే అవేదిస్ కొలిమి వెలిగించిన పేటలోనే అతడి మతాధిపతి నివసించేవాడు. తన విశ్వాసం విడవకుండా, తన పేటలో తానుంటూ, ముస్లిం సైన్యానికి తాళాలు చేసి అమ్ముకున్నాడు. జిమ్మీల ప్రాణానికీ ధనానికీ ఆరాధనకూ పాలకుడు పూచీ పడాలన్న షరీయత్ సూత్రం ఆచరణలో ఎలా ఉండేదో చూపడానికి ఇది చక్కటి ఉదాహరణ.

ఇందులో ఒక వైచిత్రి కూడా ఉంది. పేరు ఇచ్చిన రెండవ ఉస్మాన్‌ను 1622లో తిరుగుబాటు చేసిన యనిచరీ సైనికులే గద్దె దించి చంపేశారు. ఆ సుల్తాను పోయాడు. తరువాత రెండు వందల ఏళ్లకు యనిచరీలు కూడా పోయారు. ఆ పేరు మాత్రం నిలిచింది.

రహస్యం ఎక్కడుంది?

జిల్జియాన్‌ల లోహం గురించి అనేక కథలున్నాయి. నిజానికి ఆ లోహం కొత్తది కాదు. సుమారు ఎనభై పాళ్లు రాగి, ఇరవై పాళ్లు తగరం, లేశమాత్రం వెండి. మన కంచరులు గంటలకూ, తాళాలకూ, కంచాలకూ వాడే కంచు కూడా దాదాపు ఈ పాళ్లలోనిదే. ఇటువంటి కంచు అవేదిస్‌కు ఎన్నో శతాబ్దాల ముందే ఆసియా అంతటా తెలుసు. మరి రహస్యమేమిటి?

తగరం పాలు పెరిగినకొద్దీ కంచుకు మోత వస్తుంది. అయితే పెళుసుదనం కూడా వస్తుంది. ఇరవై పాళ్లు తగరమున్న కంచును పోతపోసి ఊరకే చల్లారనిస్తే సమ్మెట దెబ్బకు గాజులా పగులుతుంది. ఈ లోహానికి ఇనుముతో పోలిస్తే తలకిందులైన స్వభావం ఒకటుంది. ఎర్రగా కాల్చిన ఉక్కును నీటిలో ముంచితే గట్టిపడి పెళుసవుతుంది. ఎర్రగా కాల్చిన కంచును నీటిలో ముంచితే పెళుసుదనం తగ్గి సమ్మెటకు లొంగుతుంది. కాబట్టి పనివాడు పోతపోసిన దిమ్మెను పదేపదే కొలిమిలో కాల్చాలి, సాగగొట్టాలి, మళ్లీ కాల్చాలి. తగిన వేడిలో నీటిలో ముంచాలి. తరువాత నడుమ గుబ్బ ఎత్తి, సమ్మెటతో వేలాది దెబ్బలు కొట్టి వంపు తేవాలి. తరిమెన మీద పెట్టి పైపొర గీకాలి. చివరకు కొంతకాలం కదపకుండా ఉంచాలి. అప్పుడే దాని గొంతు స్థిరపడుతుంది.

ఇందులో సమ్మెటపని అందరూ చూస్తుండగానే జరిగేది. కరిగించే పని మాత్రం తలుపులు వేసుకొని చేసేవారు. రాగిలో తగరం ఎప్పుడు వేయాలి, ఎంత వేడిలో వేయాలి, ఎంతసేపు ఉంచాలి అన్నది తండ్రి కొడుక్కి మాత్రమే చెప్పేవాడు. సాధారణంగా పెద్దకొడుక్కి. కొడుకు పసివాడైతే తమ్ముడికి.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. ఆనాటి ఇస్తాంబుల్‌లో వృత్తులన్నీ సంఘాలుగా ఏర్పడి ఉండేవి. 1638లో నాలుగవ మురాద్ బాగ్దాద్ దండయాత్రకు ముందు నగరంలోని వృత్తిసంఘాలన్నిటినీ ఊరేగింపుగా నడిపించాడు. ప్రసిద్ధ యాత్రికుడు ఔలియా చలబీ ఆ ఊరేగింపును ఎంతో వివరంగా వర్ణించాడు. వాద్యాలు వాయించేవారూ, వాటిని తయారుచేసేవారూ ఆ వర్ణనలో కనబడతారు. సంఘంలో విద్య ఉస్తాద్ నుంచి షాగిర్ద్‌కు దక్కుతుంది. షాగిర్ద్ ఎవరి కొడుకైనా కావచ్చు. జిల్జియాన్ ఇంట్లో మాత్రం విద్య రక్తసంబంధం వెంట నడిచింది. విద్యను భద్రపరచడానికి ఇవి రెండు దారులు. ఈ రెంటిలో ఏది నిలుస్తుందన్న ప్రశ్నకు ఈ కుటుంబ చరిత్ర చివరలో ఊహించని జవాబు దొరుకుతుంది.

యూరప్‌కు చేరిన మోత

మెహ్తర్ మోతను యూరప్ మొదట యుద్ధరంగంలో విన్నది. 1683లో వియన్నా ముట్టడి విఫలమైన తరువాత ఆ భయం క్రమంగా కుతూహలంగా మారింది. పద్దెనిమిదవ శతాబ్దంలో యూరప్ రాజులు తమ సైన్యాలలో 'తుర్కీ వాద్యం' పేరుతో పెద్ద డోలునూ తాళాలనూ చేర్చుకున్నారు. 1782లో మొజార్ట్, తుర్కీ అంతఃపుర కథతో రాసిన సంగీతనాటకంలో ఈ వాద్యాలను ఉపయోగించాడు. 1824లో బీథోవెన్ తన తొమ్మిదవ సింఫనీ చివరి భాగంలో డోలు, తాళాలు, ముక్కోణపు గంట కలిపి వాడాడు. ఈనాడు ప్రపంచంలో ఏ సైనిక బ్యాండులో తాళాలు మోగినా, ఏ పెళ్లి ఊరేగింపు బ్యాండులో మోగినా, దాని వెనుక మెహ్తర్ అడుగుల సవ్వడి ఉంది. యూరప్ నాగరికతకు ముస్లిం ప్రపంచం ఇచ్చిన వాటి జాబితాలు మనం తరచుగా చదువుతుంటాం. వాటిలో ఈ కంచు తాళాలను కూడా చేర్చవచ్చు. అయితే చేర్చేటప్పుడు ఆ తాళం మీద సమ్మెట వేసినవాడు ఆర్మేనియన్ అనే మాట కూడా చేర్చడం న్యాయం. నేను ఒకసారి వదిలేసిన మాట అదే.

కొనుగోలుదారు మాయమైన వేళ

1826 జూన్‌లో (హిజ్రీ 1241) రెండవ మహమూద్ యనిచరీ సైన్యాన్ని బలప్రయోగంతో రద్దుచేశాడు. దానితో పాటే మెహ్తర్‌ఖానా కూడా రద్దయింది. దాని స్థానంలో యూరప్ పద్ధతి బ్యాండును ఏర్పాటుచేయడానికి 1828లో ఇటలీ నుంచి జుసెప్పె డోనిజెట్టి అనే సంగీతకారుణ్ణి రప్పించారు. రెండు శతాబ్దాలుగా జిల్జియాన్‌లకు ప్రధానమైన కొనుగోలుదారు ఒక్కనాటితో లేకుండా పోయాడు.

ఒకే కొనుగోలుదారును నమ్ముకున్న ఎన్నో వృత్తులు ఇటువంటి దెబ్బకు నేలమట్టమయ్యాయి. మన దేశంలో నవాబుల దర్బారులు పోయినప్పుడు జర్దోజీ పనివారికీ, ఆయుధాలు చేసేవారికీ ఏం జరిగిందో మనకు తెలుసు. జిల్జియాన్‌లు బతికి బయటపడ్డారు. కారణం, యూరప్‌లో అప్పటికే పుట్టిన గిరాకీ. 1851లో లండన్‌లో మహాప్రదర్శన జరిగినప్పుడు ఆ తరం పెద్ద రెండవ అవేదిస్ ఒక చిన్న నావ కట్టించుకొని, తాళాలు అందులో వేసుకొని సముద్రమార్గాన తానే తీసుకువెళ్లాడని కుటుంబం చెప్పుకుంటుంది. సుల్తాను ఇచ్చిన పేరు ఇప్పుడు అంగడి గుర్తు అయింది.

1865లో రెండవ అవేదిస్ చనిపోయేనాటికి కొడుకులు చిన్నవారు. తమ్ముడు కెరోపె బాధ్యత తీసుకున్నాడు. అతడి పేరులోని మొదటి అక్షరంతో వెలువడిన 'కె జిల్జియాన్' తాళాలు యూరప్‌లోనూ అమెరికాలోనూ గొప్ప పేరు పొందాయి. కెరోపె 1909లో మరణించాడు.

చీకటి కాలం

ఇంతవరకు చెప్పినది మన సభలలో చెప్పుకోవడానికి వీలైన కథ. ఇక్కడ ఆపేస్తే అది నా పాత అనువాదం లాంటిదే అవుతుంది.

పంతొమ్మిదవ శతాబ్దం చివర ఉస్మానీ రాజ్యం అన్ని వైపులా కుంచించుకుపోతున్నది. యూరప్ రాజ్యాల జోక్యం, క్రైస్తవ ప్రజలలో జాతీయోద్యమాలు, బాల్కన్ నుంచి తరిమివేయబడి ప్రవాహంగా వచ్చిపడిన ముస్లిం శరణార్థులు, ఇవన్నీ కలిసి పాత సహజీవనాన్ని కుళ్లబొడిచాయి. 1894 నుంచి 1896 వరకు అనటోలియాలోనూ, చివరకు ఇస్తాంబుల్‌లోనే, ఆర్మేనియన్ల మీద దారుణమైన ఊచకోతలు జరిగాయి. 1905 జూలై 21న శుక్రవారం నమాజు ముగించి రెండవ అబ్దుల్ హమీద్ మసీదు నుంచి బయటికి రావలసిన వేళ ఆర్మేనియన్ విప్లవకారులు పెట్టిన బాంబు పేలింది. షేఖుల్ ఇస్లాంతో మాట్లాడుతూ ఆగిపోవడం వల్ల సుల్తాను బతికాడు. బయట ఉన్న అమాయకులు ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ కుట్రతో సంబంధం ఉన్నదన్న కారణంగా జిల్జియాన్ వంశానికి చెందిన అరాం దేశం విడిచి బుకారెస్ట్‌కు పారిపోయాడని కుటుంబ చరిత్ర చెబుతుంది. సుల్తాను పేరు పెట్టిన ఇంటివాడు సుల్తాను మీద కుట్రలో అనుమానితుడయ్యాడు. మూడు శతాబ్దాలలో ఎంత దూరం వచ్చిందో ఆలోచించండి.

తరువాత 1915. ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ ప్రముఖులను అరెస్టు చేశారు. ఆ వెనుక అనటోలియాలోని ఆర్మేనియన్ జనాన్ని, ఆడవారితో పిల్లలతో సహా, సిరియా ఎడారుల వైపు నడిపించారు. దారిలో లక్షలాది మంది హత్యకూ ఆకలికీ రోగాలకూ బలయ్యారు. చరిత్రకారులలో అత్యధికులు దీనిని జాతిసంహారమని అంటారు. టర్కీ ప్రభుత్వం ఆ మాటను అంగీకరించదు. పేరు విషయంలో వాదం ఎలా ఉన్నా, నిరాయుధులైన స్త్రీలూ పసిపిల్లలూ చనిపోయారన్న విషయంలో వాదానికి తావులేదు. జిమ్మీ ప్రాణం పాలకుని పూచీ అన్న సూత్రాన్ని పైన ఉదాహరణతో చెప్పాను. ఆ పూచీ ఇక్కడ తెగిపోయింది. తెగగొట్టినవారు యూరప్ జాతీయవాదం నేర్చిన ఇత్తిహాద్ పార్టీ నాయకులని మనం అనవచ్చు, అందులో నిజం ఉంది. కాని ఆ ఆజ్ఞలను అమలు జరిపిన చేతులు, కొల్లగొట్టిన ఇళ్లలో కాపురం పెట్టిన చేతులు మన కల్మా చదివినవారివే అన్నది కూడా నిజమే.

ఆ కాలంలోనే మరికొందరు ముస్లిములు ఏం చేశారో కూడా చెప్పాలి. అలెప్పోలోనూ తరువాత కోన్యాలోనూ గవర్నరుగా ఉన్న జలాల్ బేగ్ ఆ ఆజ్ఞలను ఎదిరించి, వీలైనంతమందిని కాపాడి, పదవి పోగొట్టుకున్నాడు. 1917లో మక్కా షరీఫ్ హుసైన్, తమ ప్రాంతాలకు చేరిన ఆర్మేనియన్లను సొంత ప్రాణాల్లా కాపాడాలనీ వారు ముస్లిముల రక్షణలో ఉన్న జిమ్మీలనీ తనవారికి లిఖితపూర్వకంగా ఆదేశించాడు. రాజకీయంగా షరీఫ్ హుసైన్ గురించి మన పెద్దలకు, ముఖ్యంగా ఖిలాఫత్ ఉద్యమంలో పాల్గొన్న తరానికి, తీవ్రమైన విమర్శ ఉండేది. ఆ విమర్శ ఉండనివ్వండి. ఈ ఆదేశంలో మాత్రం ఆయన ధర్మం పలికాడు. శత్రుత్వం కారణంగా న్యాయం తప్పరాదని అల్ మాయిదా సూరాలో మనకిచ్చిన ఆదేశం ఇటువంటి సమయం కోసమే కదా!

సముద్రం దాటిన కొలిమి

మూడవ అవేదిస్ అనే యువకుడు 1909లోనే అమెరికా చేరాడు. బోస్టన్ ప్రాంతంలో మిఠాయిల వ్యాపారం పెట్టుకొని స్థిరపడ్డాడు. 1927లో బాబాయి అరాం నుంచి ఉత్తరం వచ్చింది, వంశంలో ఇక నీదే వంతు అని. మిఠాయిలు వదిలి కంచు పట్టుకోవడం అతడికి మొదట ఇష్టం లేదు. చివరకు ఒప్పుకున్నాడు. అరాం స్వయంగా వచ్చి కరిగించే విద్య నేర్పాడు. 1929లో మసాచుసెట్స్‌లోని క్విన్సీలో అమెరికా కార్ఖానా పని మొదలుపెట్టింది. ఆ సంవత్సరం చివరలోనే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. జాజ్ డోలు వాయించే జీన్ క్రుపా వంటి వారిని అడిగి తెలుసుకొని, వారికి కావలసిన పలుచని తాళాలు చేసి అవేదిస్ నిలదొక్కుకున్నాడు. రెండవ ప్రపంచయుద్ధంలో రాగి, తగరం ప్రభుత్వ నియంత్రణలోకి వెళ్లినప్పుడు సైనిక బ్యాండులకు తాళాలు కావాలి కనుక అతడికి లోహం దొరికింది. సైన్యం కోసం పుట్టిన వృత్తిని మూడు శతాబ్దాల తరువాత మరొక సైన్యం ఆదుకుంది.

ఆయన 1979లో మరణించాడు. కొడుకులు ఆర్మండ్, రాబర్ట్ మధ్య వివాదం వచ్చి, 1981లో రాబర్ట్ వేరుపడి కెనడాలోని కార్ఖానాలో తన ముగ్గురు పిల్లల పేర్లలోని అక్షరాలతో 'సేబియన్' అనే సంస్థ స్థాపించాడు. నాలుగు శతాబ్దాల రహస్యం రెండు ఇళ్లలో కాపురం పెట్టింది. 1999లో ఆర్మండ్ కుమార్తె క్రేగీ సంస్థ ముఖ్య అధికారి అయింది. కొడుకులకు మాత్రమే దక్కిన విద్య కూతురి చేతికి వచ్చింది. 2023లో ఆ సంస్థ నాలుగు వందల ఏళ్ల పండుగ జరుపుకుంది.

ఇస్తాంబుల్‌లో మిగిలినది

మరి ఇస్తాంబుల్ కార్ఖానా ఏమయింది? కెరోపె వంశపు శాఖ అక్కడే ఉండి 'కె' తాళాలు చేస్తూ వచ్చింది. 1934లో టర్కీలో ఇంటిపేర్ల చట్టం వచ్చింది. ఆ తరువాతి కాలంలో కార్ఖానా నడిపిన మిఖాయెల్ 'జిల్చాన్' అనే పేరుతో తెలిసినవాడు. ఆర్మేనియన్ తోక 'యాన్' ఆ పేరులో లేదు. 1960ల చివరకు 'కె' గుర్తు హక్కులు అమెరికా శాఖకు చేరాయి. 1970ల చివరలో ఇస్తాంబుల్ కార్ఖానా మూతపడింది.

కాని కొలిమి ఆరిపోలేదు. మిఖాయెల్ దగ్గర చిన్నతనంలోనే పనికి చేరిన షాగిర్దులు ఇద్దరున్నారు. ఒకరు ఆగోప్ తొముర్జుక్, ఆర్మేనియన్ క్రైస్తవుడు. మరొకరు మెహ్మెత్ తమ్‌దెయెర్, తుర్కీ ముస్లిం. ఒకే ఉస్తాద్ దగ్గర, ఒకే కొలిమి ముందు పెరిగినవారు. కార్ఖానా మూతపడిన కొద్ది కాలానికి, 1980ల ఆరంభంలో, ఇద్దరూ కలిసి ఇస్తాంబుల్‌లోనే చేతితో తాళాలు చేయడం మళ్లీ మొదలుపెట్టారు. 1996లో ఆగోప్ చనిపోయిన తరువాత ఆ సంస్థ రెండయింది. ఒకటి ఆగోప్ పేరుతో, మరొకటి మెహ్మెత్ పేరుతో. ఆ రెండు పేర్లతోనూ ఆ నగరంలో ఈనాటికీ తాళాలు తయారవుతున్నాయి.

పైన ఒక ప్రశ్న వేశాను, విద్య రక్తం వెంట నిలుస్తుందా, షాగిర్దరికం వెంట నిలుస్తుందా అని. రెండు దారులలోనూ నిలిచిందన్నది చరిత్ర చెప్పిన జవాబు. అయితే ఒక భేదముంది. రక్తం వెంట నడిచిన విద్యకు పుట్టిన ఊరిలో చోటు దొరకక సముద్రం దాటవలసి వచ్చింది. పుట్టిన ఊరిలో దాన్ని నిలిపినది ఒక ఆర్మేనియన్, ఒక ముస్లిం కలిసి పట్టిన సమ్మెట. రాజ్యం తెంచిన ముడిని ఇద్దరు పనివారు తిరిగి వేశారు. పెద్ద పెద్ద సంధిపత్రాలు చేయలేని పని అది.

ఇస్తాంబుల్ సైనిక ప్రదర్శనశాలలో మెహ్తర్ బృందం 1952 నుంచి మళ్లీ వాయిస్తున్నది. మన హాజీలు, యాత్రికులు కొందరు ఆ నగరం చూసివచ్చి, మెహ్తర్ విని రోమాలు నిక్కబొడుచుకున్నాయని చెబుతుంటారు. వారికి నా మనవి ఒక్కటే. ఈసారి వెళ్లినప్పుడు నగారా మోతతో పాటు తాళాల మోత కూడా శ్రద్ధగా వినండి. సమత్యా పేట అక్కడికి ఎంతో దూరం లేదు. వీలైతే ఆ సముద్రపు ఒడ్డున కాసేపు నడవండి.

ఇక ఆనాడు ఉత్తరం రాసిన పాఠకునికి నా జవాబు: సోదరా, ఆ పనివారు ఆర్మేనియన్లు. వారి ఇంటిపేరు జిల్జియాన్. సుల్తాను ఇచ్చినదని చెప్పుకునే పేరు అది. వారి సంతతి బతికే ఉంది, వేరే దేశాలలో. అనువాదంలో నేను వదిలేసిన ఆ ఒక్క మాటను ఇప్పుడు తిరిగి దాని చోట పెడుతున్నాను. ఆలస్యానికి మన్నించగలరు.